చేతితో రాసిన పీడీఎఫ్ ఒకచోట తెరుచుకుంటుంది, మరోచోట మొరాయిస్తుంది

ప్రశ్న: హనుమకొండలో మా నాన్నగారికి ఎరువుల దుకాణం ఉంది. రశీదుల కోసం పీడీఎఫ్‌ను టెక్స్ట్ ఎడిటర్‌లో నేనే రాస్తున్నాను. బ్రౌజర్‌లో తెరుచుకుంటోంది. చౌరస్తా దగ్గరి జిరాక్స్ సెంటర్‌లో మాత్రం ఫైలు పాడైందని చూపిస్తోంది. పైగా దుకాణం పేరు కాగితం అడుగున పడుతోంది. తప్పు ఎక్కడుంది?

జవాబు: పేరు సంగతి తేలికే. పీడీఎఫ్‌లో కొలత ఎడమవైపు కింది మూల నుంచి పైకి పోతుంది. అంగుళానికి 72 పాయింట్లు, ఏ4 ఎత్తు సుమారు 842. నిలువు విలువ 780 దగ్గర పెట్టి చూడండి.

అసలు చిక్కు ఎక్స్‌రెఫ్ పట్టికలో ఉండవచ్చు. ఫైలులోని ఏ ఆబ్జెక్ట్ (పేజీ, ఫాంటు వంటి భాగం) ఎన్నో బైట్ దగ్గర మొదలవుతుందో చెప్పేది అదే. పైన ఒక్క ఖాళీ చేర్చినా కింది అంకెలన్నీ తప్పుతాయి. బ్రౌజర్ ఫైలంతా వెతికి ఆ పట్టికను తానే మళ్లీ కట్టుకుంటుంది, అన్ని ప్రోగ్రాములూ అలా చేయవు. కాబట్టి బ్రౌజర్‌లో తెరుచుకుందని దయచేసి ధీమా పడకండి. పట్టికలో ప్రతి వరుసా సరిగ్గా 20 బైట్లు ఉండాలి. లినక్స్‌లో వరుస ముగింపు ఒక్క బైటే కనుక దాని ముందు ఒక ఖాళీ తప్పనిసరి. ఎక్కువమంది తడబడేది ఈ ఖాళీ దగ్గరే.

ప్రశ్న: ఖాళీ ఉంది అన్నా. అంకెలూ లెక్కపెట్టే వేశాను. రెండో వరుసలో గుర్తు కోసం వ్యాఖ్యగా (ప్రోగ్రాము పట్టించుకోని రాతగా) ‘వరంగల్’ అని తెలుగులో రాసుకున్నాను, ఆ నాలుగు అక్షరాలూ నాలుగు బైట్లుగా లెక్కలో కలిపాను.

జవాబు: దొరికింది! కంటికి నాలుగే, కానీ యూటీఎఫ్-8లో (అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతిలో) వ, ర, సున్న, గ, ల, పొల్లు కలిపి ఆరు, ఒక్కొక్కటి మూడేసి బైట్లు. మొత్తం 18. మీ అంకెలన్నీ 14 తక్కువ పడ్డాయి. ఆ వ్యాఖ్య తీసేయండి. స్ట్రీమ్ లెంగ్త్ (పేజీ మీద ఏం పడాలో చెప్పే భాగం పొడవు) కూడా బైట్లలోనే వేయాలి. రాత పూర్తిగా ముగిశాకే అంకెలు వేయండి. చేతితో లెక్కపెట్టే పనిలేదు, ఫైలులో పదాలు వెతికే గ్రెప్ ఆజ్ఞ బైట్ స్థానాలు చూపిస్తుంది.

ప్రశ్న: తెరుచుకుంది అన్నా! పేరు తెలుగులో పెట్టవచ్చా?

జవాబు: పీడీఎఫ్‌లో మామూలుగా వాడే హెల్వెటికా ఫాంటులో తెలుగు లేదు. తెలుగు ఫాంటును ఫైలులో పొదిగినా ఒత్తులు, గుణింతాలు వాటంతట అవి కూడవు, ఏ గ్లిఫ్ (అక్షరం బొమ్మ) ఎక్కడ పడాలో మీరే చెప్పాలి. ఆ ఒక్క పేరు కోసం అంత శ్రమ వద్దు. లిబ్రేఆఫీస్‌లో పేరు రాసి, బొమ్మగా మార్చి రశీదులో పెట్టండి.