పాలు మాన్పించగానే కుందేలు పిల్లలు పొట్ట ఉబ్బి చచ్చిపోతున్నాయి – మీ అనుభవాలు చెప్పండి

పలమనేరు_షెడ్డు:
న్యూజిలాండ్ వైట్ జాతి తల్లి కుందేళ్లున్నాయి. పిల్లలు తల్లి కింద ఉన్నంతకాలం బాగుంటాయి. వేరు చేసిన వారంలోపే పొట్ట ఉబ్బి, జిగురు విరేచనం, తెల్లారేసరికి పోతున్నాయి. అమ్మినాయన మూడు వారాలకే విడదీయమన్నాడు. మేత ఏం మార్చాలి? నీళ్లకు నిపుల్ మంచిదా, గిన్నె మంచిదా? వేపాకు పెట్టొచ్చా?

చంద్రగిరి_చించిల్లా:
మూడు వారాలకా! పిల్ల గడ్డి కొరకడం మొదలెట్టేదే అప్పుడు. మా కాడ ఐదు వారాలు నిండందే విడదీయం. తల్లిని తొందరగా మళ్లీ క్రాసింగ్‌కి పెట్టాలనే ఆశ ఇది. ఈతలు లెక్కపెట్టుకునేవాళ్లకి పిల్లలు మిగలవు.

మదనపల్లె_మిద్దె:
గూటిపెట్టె రోజూ ఊడ్చి ఫినాయిల్ నీళ్లతో తుడవండి. నా షెడ్డులో ఒక్క పెంటిక కనబడదు, వచ్చి చూసుకోవచ్చు.

చంద్రగిరి_చించిల్లా:
అంత శుభ్రమే కొంప ముంచేది. తల్లి మామూలుగా రోజుకి ఒక్కసారే, మూడు నాలుగు నిమిషాలు పాలిచ్చి పోతుంది. పోతూ గూట్లో నాలుగు పెంటికలు వేస్తుంది. పిల్లలు వాటిని కొరుకుతాయి. పొట్టలోకి మంచి బ్యాక్టీరియా చేరే దారుల్లో అదొకటి.

మదనపల్లె_మిద్దె:
పేడ తినిపించమంటున్నారా? పెంటికతో అంటుకునే కాక్సిడియా పరాన్నజీవి వస్తే మీరొచ్చి కడతారా డబ్బులు?

చిత్తూరు_సోమన్న:
అవి పేడ కాదులే, కుందేలు వేసే మెత్తటివి, వాటిలో విటమిన్లు ఉంటాయి.

చంద్రగిరి_చించిల్లా:
సోమన్నా, రెండూ కలిపేయొద్దు. మెత్తటివి పెద్ద కుందేలు కింద పడనీయకుండా నేరుగా నోటితో అందుకుంటుంది. పిల్లలకి ఆ అలవాటు మూడు నాలుగు వారాల వయసులో వస్తుంది. నేను చెప్పేది గూట్లో పడే గట్టివాటి సంగతి.

తిరుపతి_వెటర్నరీ:
వెటర్నరీ చదివినవాణ్ని, వినండి. కాక్సిడియా గుడ్డు పెంటికతో బయటపడగానే అంటుకోదు, పక్వానికి రావడానికి రోజో రెండు రోజులో కావాలి, తేమ కూడా కావాలి. తాజా పెంటికతో భయం లేదు, తడిసి కుప్పపడితేనే ముప్పు. కాబట్టి తడి గడ్డి తీసేయండి, ఫినాయిల్ మానేయండి.

ఇక పొట్ట సంగతి. పాల కొవ్వు నుంచి పిల్ల కడుపులో ఆక్టనోయిక్, డెకనోయిక్ ఆమ్లాలు వస్తాయి, అవి చెడ్డ బ్యాక్టీరియాను అణుస్తాయి. పాలు ఆగితే ఆ కాపు పోతుంది. పెద్ద కుందేలు కడుపులో పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 1, 2 ఉంటే పాల పిల్లకి 5 పైనే, అంటే లోపలికి పోయిన క్రిమి చావదు. అసలు మేతను పులియబెట్టే పని సీకంలో, అంటే పెద్దపేగు మొదట్లో ఉండే సంచిలో జరగాలి, అది గడ్డి తినడం మొదలయ్యాకే ఊపందుకుంటుంది. రెండు వారాలప్పుడు అక్కడి పీహెచ్ 6.8 దగ్గర ఉండేది ఏడు వారాలకి 5.6 దగ్గరికి దిగుతుంది. పులిసినప్పుడు వచ్చే ఆమ్లాల్లో ప్రొపియోనిక్ తగ్గి బ్యూటిరిక్ పెరుగుతుంది. ఇంత మార్పు మధ్యలో తల్లిని లాగేసి మొక్కజొన్న నూక పోస్తే, అరగని పిండి సీకంలోకి దిగి క్లాస్ట్రీడియం అనే చెడ్డ బ్యాక్టీరియా విజృంభిస్తుంది.

మదనపల్లె_మిద్దె:
చదువుకున్నారని మా ఫినాయిల్ మీద పడతారేంది సామీ? నా పిల్లలు బతికే ఉన్నాయి కదా.

చంద్రగిరి_చించిల్లా:
ఎన్ని ఈనితే ఎన్ని బతికాయో కూడా రాయండి మరి.

పాకాల_గంగమ్మ:
కొట్లాట ఆపండయ్యా. మేం చెనిక్కాయ కట్టె, దశరథ గడ్డి ముందు నుంచీ తల్లి బోనులోనే వేస్తాం, పిల్లలూ నములుతాయి. వేరు చేశాక కూడా అదే మేత, దాణా కొసరు మాత్రమే. బూజు పట్టిన చెనిక్కాయ చెక్క మాత్రం పెట్టొద్దు.

చిత్తూరు_సోమన్న:
నేను మెడికల్ షాపులో అమాక్సిసిలిన్ సిరప్ తెచ్చి పోశా, రెండో రోజుకి మొత్తం బోను ఖాళీ.

తిరుపతి_వెటర్నరీ:
అది కుందేలుకి నోటి ద్వారా పోయకూడని మందు! లింకోమైసిన్, క్లిండమైసిన్ కూడా అంతే. పేగులో మంచివి చచ్చి క్లాస్ట్రీడియంకి ఊరు అప్పగించినట్లవుతుంది.

పలమనేరు_షెడ్డు:
సరే, ఇప్పుడున్న ఈతని ఐదో వారం దాకా తల్లి దగ్గరే ఉంచుతా. గంగమ్మక్కా, దశరథ గడ్డి విత్తనం ఎక్కడ దొరుకుతుంది?

పాకాల_గంగమ్మ:
మా చేలోదే ఉంది, వచ్చి తీసుకోండి. సంచి మీరే తెచ్చుకోవాలి.

చిత్తూరు_సోమన్న:
అక్కా, నాక్కూడా రెండు కిలోలు. కుందేలు మాంసం ఇప్పుడు మీ పక్క ఎంతకి పోతోంది?