అప్‌డేట్: కర్రీ పాయింట్ యాప్ ఆపేశాను

కూకట్‌పల్లి కర్రీ పాయింట్ల మెనూ చూపించే నా యాప్ ఎవరూ వాడట్లేదు, యాడ్స్‌కి ఇంకా డబ్బు పెట్టాలా అని రెండు నెలల కిందట అడిగాను కదా. పెట్టలేదు. మీలో ఒకరు చెప్పినట్టే యాప్ జనానికి నిజంగా అవసరమో కాదో తేల్చడానికి స్టార్టప్ మార్కెటింగ్ నిపుణుడు షాన్ ఎల్లిస్ వాడిన ప్రశ్న అడిగి చూశా: "రేపట్నుంచి ఇది లేకపోతే మీకెలా ఉంటుంది?" చాలా నిరాశపడతామనేవాళ్లు కనీసం 40 శాతం ఉండాలట. నాకు 22 మందిలో ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒకడు మా బావమరిది.

తర్వాత ఒక కర్రీ పాయింట్‌లో నాలుగు సాయంత్రాలు కూర్చున్నా. మెనూ అయితే ఆ పాయింట్ నడిపే ఆవిడ రోజూ వాట్సాప్ స్టేటస్‌లో పెట్టేస్తున్నారు! ఆవిడ టెన్షన్ వేరే: రాత్రి పదింటికి గిన్నె అడుగున మిగిలిపోయే గుత్తివంకాయ. అందుకే ఇప్పుడు మధ్యాహ్నం మూడింటికల్లా వాట్సాప్‌లోనే ముందస్తు ఆర్డర్లు తీసుకుని, లెక్కకట్టి ఇస్తున్నా. ఆరుగురు కర్రీ పాయింట్ల వాళ్లు నెలకు 300 రూపాయలు కడుతున్నారు. కోడ్ ఒక్క లైనూ రాయలేదు, అంతా ఎక్సెల్ షీటే.