ఓరుగల్లు పతనమైన 1323లో ప్రపంచంలో ఇంకా ఏం జరిగింది?

ప్రశ్న:
సభ్యులందరికీ నమస్కారం. గత వారం వరంగల్ కోటలో స్వయంభూ శివాలయ శిథిలాల నడుమ, నాలుగు దిక్కులా నిలిచిన కీర్తితోరణాలను చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. 1323లో ఉలుగ్ ఖాన్, అంటే తరువాత సుల్తానైన మహమ్మద్ బిన్ తుగ్లక్, ఈ కోటను పట్టుకొని ప్రతాపరుద్రుని బందీగా ఢిల్లీకి పంపించాడు. అదే ఏడాది మిగతా ప్రపంచం ఎలా ఉండేదో తెలిసినవారు కొంచెం వివరంగా చెప్పగలరా?

మొదటి జవాబు:
నన్నడిగితే ముందుగా ఒక ఓడ గురించి చెప్పాలి. చైనాలోని నింగ్బో రేవు నుంచి జపాన్‌లోని హకాతాకు బయలుదేరిన వర్తకపు నౌక కొరియా నైరుతి తీరాన, సినాన్ దగ్గర మునిగిపోయింది. 1975లో ఒక జాలరి వలకు పింగాణీ పాత్రలు చిక్కిన తరువాత గాని దాని ఆచూకీ తెలియలేదు. వెలికితీతలో 20,000కు పైగా పింగాణీ వస్తువులు, సుమారు 28 టన్నుల చైనా నాణేలు బయటపడ్డాయి. వాటన్నిటికన్నా విలువైనవి సరుకుకు కట్టిన చిన్న చెక్క చీటీలే అని నా అభిప్రాయం. కొన్నింటి మీద క్యోటోలోని తోఫుకుజి ఆలయం పేరు, మరికొన్నింటి మీద ‘జిజి మూడవ సంవత్సరం’, అనగా 1323, అని సిరాతో రాసి ఉంది. ‘జిజి’ అనేది చైనాను ఏలుతున్న మంగోలు చక్రవర్తి గెగెన్ ఖాన్ పాలనకు పెట్టుకున్న పేరు. ఆయన కూడా ఆ సెప్టెంబరులోనే, వేసవి రాజధాని షాంగ్‌డూ నుంచి తిరిగి వస్తూ, నాన్‌పో అనే విడిదిలో సొంత కొలువువారి చేతిలో హతుడయ్యాడు.

రెండవ జవాబు:
ఐరోపాలో ఆ ఏడాది థామస్ అక్వినాస్‌ను పోప్ పునీతునిగా ప్రకటించారు. స్వీడన్, నొవ్‌గొరొద్ రాజ్యాలు సంధి చేసుకొని సరిహద్దు గీసుకున్నాయి. నన్ను ఆకట్టుకున్నది మాత్రం లిథువేనియా పాలకుడు గెదిమినాస్ జర్మన్ పట్టణాలకు రాసిన లేఖలు. వర్తకులను, చేతిపనివారిని తన దేశానికి రమ్మని పిలిచిన ఆ లేఖల్లోనే విల్నియస్ నగరం పేరు మొదటిసారి కనిపిస్తుంది. అవి చదివితే మన గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో వేయించిన అభయ శాసనం గుర్తుకు రాక మానదు. తుఫానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు లాక్కునేవారని, తాను నిర్ణీత సుంకం మాత్రమే తీసుకొని మిగిలినది వర్తకులకే వదిలేస్తున్నానని ఆయన అందులో చెప్పాడు.

మూడవ జవాబు:
పై ఇద్దరికీ ధన్యవాదాలు. ఓరుగల్లు గురించి ఒక్క మాట చేర్చాలి. ఉలుగ్ ఖాన్ తొలి ముట్టడి విఫలమైంది. ఢిల్లీ నుంచి ఉత్తరాలు రావడం ఆగిపోవడంతో సుల్తాను చనిపోయాడన్న పుకారు పుట్టి, సైన్యం చెల్లాచెదురై దేవగిరికి వెనుదిరిగింది. తిరిగి వచ్చిన తరువాతనే కోట లొంగింది, నగరానికి సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టారు. ప్రతాపరుద్రుడు మాత్రం ఢిల్లీ చేరలేదు. కొన్నేళ్లకే ప్రోలయ నాయకుడు వేయించిన విలస తామ్రశాసనం, ఆయన నర్మదా తీరాన కన్నుమూశాడని చెబుతున్నది.