తడిసిన జిప్సం గోడ: అతుకు వేస్తే సరిపోతుందా, బోర్డు మార్చాలా?

మధురవాడ ఉపాధ్యాయిని

అందరికీ నమస్కారం. మేము విశాఖపట్నం మధురవాడలో మూడో అంతస్తులో ఒక పాత ఫ్లాటు కొనుక్కున్నాము. మాకంటే ముందున్నవారు హాలును విడదీసి, పిల్లల చదువు గది కోసం జిప్సం బోర్డుతో, అంటే రెండు కాగితాల మధ్య జిప్సం పిండి గట్టిపరచిన పలకలతో, పార్టిషన్ కట్టించారు. ఆ గోడ ఇప్పుడు రెండు చోట్ల పాడైంది. తలుపు హ్యాండిల్ పదే పదే తగిలి ఒక చోట పిడికెడంత కన్నం పడింది. దానికి కింద, స్నానాల గది గుమ్మం పక్కన, నేల నుంచి అడుగు ఎత్తు వరకు బోర్డు ఉబ్బి, రంగు బుడగలు కట్టి, టీ ఒలికినట్టు మరక తేలింది. ఒక మేస్త్రి గారు వచ్చి చూసి, రెండింటికీ పుట్టీ పట్టించి రంగు వేస్తే ఒక్క రోజు పని అన్నారు. మరొకరు పార్టిషన్ మొత్తం విప్పి కొత్తది కట్టాలని, దానికి అయిదారు రెట్లు ఎక్కువ ఖర్చవుతుందని చెప్పారు. ఇద్దరి మాటల మధ్య ఇంత దూరం ఉంటే దేన్ని నమ్మాలో తెలియడం లేదు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

గాజువాక సీలింగ్ మేస్త్రి

మేడమ్ గారూ, ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను. హ్యాండిల్ తగిలి పడిన కన్నానికి బోర్డు మార్చమన్నవారి మాట వినకండి. లోపల కరెంటు తీగ పోతోందేమో ముందు చూసుకొని, కన్నం చుట్టూ నలుచదరంగా కోయాలి. వెనక్కి ఒక ప్లైవుడ్ పట్టీ దూర్చి రెండు పక్కలా స్క్రూలు బిగించి, ఆ పట్టీ మీద అదే 12.5 మి.మీ. మందం బోర్డు ముక్కను అమర్చాలి. అతుకు గీతల మీద పేపర్ టేపు అంటించి, జాయింటింగ్ కాంపౌండ్ (బోర్డు అతుకులు పూడ్చే ముద్ద) మూడు పూతలు వేసి, ఒక్కో పూతనూ ముందుదానికంటే కాస్త వెడల్పుగా లాగాలి. మన ఊరి గాలిలో చెమ్మ ఎక్కువ కాబట్టి పూతకూ పూతకూ మధ్య పూర్తిగా ఒక రోజు ఆగండి. ఒక్క రోజులో పని ముగిస్తానన్నవారు ఇక్కడే తొందరపడతారు. ఇటుక గోడకు పట్టించే తెల్ల సిమెంటు పుట్టీని మాత్రం అతుకు గీత మీద వాడనివ్వకండి. బోర్డు కాస్త కదిలినా అక్కడ వెంట్రుకంత పగులు తేలుతుంది. చివర ప్రైమర్ వేసి ఆ గోడ మొత్తానికి రంగు వేయించండి, అతికిన మేరకే వేస్తే మచ్చలా కనబడుతుంది.

ఉబ్బిన చోటు సంగతి కూడా పెద్దది కాదు. పదిహేను రోజులు ఫ్యాను గాలికి ఆరనిచ్చి, ఊడిన కాగితం గీకి, అతుకు వేస్తే చాలు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు?

లాసన్స్ బే విశ్రాంత ఇంజనీరు

అమ్మా, కన్నం గురించి మేస్త్రి గారు చెప్పిన ప్రతి మాటా నిజం. తడి గురించి చెప్పినదాన్ని మాత్రం నేను ఒప్పుకోలేను, ఎందుకంటే నేను సరిగ్గా అలాగే చేసి నష్టపోయాను.

జిప్సం స్ఫటికంలో సహజంగానే బరువులో అయిదో వంతు వరకు నీరు కలిసి ఉంటుంది, దానివల్ల హాని లేదు సరికదా, మంట తగిలినప్పుడు ఆ నీరే ఆవిరై గోడను కాస్త కాపాడుతుంది. హాని చేసేది బయటి నుంచి చేరే నీరు. బోర్డు బలం లోపలి పిండిలో కంటే దాన్ని రెండు వైపులా పట్టి ఉంచే కాగితంలోనే ఎక్కువగా ఉంది. నీరు నిలిస్తే ఆ పట్టు సడలుతుంది, పిండి మెత్తబడుతుంది, తర్వాత ఎంత ఆరబెట్టినా కాగితం మళ్లీ మునుపటిలా అంటుకోదు. పైగా తడిసిన కాగితం బూజుకు మంచి ఆహారం. 24 నుంచి 48 గంటల్లో ఆరకపోతే బూజు మొదలైనట్టే లెక్క.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మన ఊరి మీద తీరం దాటినప్పుడు మా కిటికీ అద్దాలు పగిలి హాలంతా వాన కొట్టింది. ఆ తర్వాత కొన్ని రోజులు కరెంటు లేదు, ఫ్యాను తిరగలేదు. గోడ పైకి ఆరినట్టు కనబడగానే అతుకు వేయించి రంగు కొట్టించాను. సంక్రాంతి రాకముందే బీరువా వెనక నుంచి తడిసిన గోనెసంచి వాసన మొదలైంది, ఆ గదిలో పడుకునే మా ఆవిడకు రాత్రంతా దగ్గు. బోర్డు విప్పించి చూస్తే వెనకవైపు కాగితం మీద మోకాలి ఎత్తున నల్లని చుక్కలు దట్టంగా పాకి ఉన్నాయి. ముందువైపు మాత్రం ఒక్క మరక లేదు. అందుకే చెబుతున్నాను, తడిసిన బోర్డును నేల నుంచి సీలింగు దాకా నిండుగా మార్చించండి.

గాజువాక సీలింగ్ మేస్త్రి

ఇంజనీరు గారూ, హుద్‌హుద్ తర్వాత అలాంటి బోర్డులు నేనూ ఎన్నో దింపాను. ఉబ్బిన బోర్డును ఆరబెట్టి అతికితే చాలన్న నా మాట తప్పే, వెనక్కి తీసుకుంటున్నాను. అయితే నిండు బోర్డు మార్చాలన్న మాట దగ్గర నిలబడి అడుగుతున్నాను. సీలింగు తడిసి కిందికి వంగితే ఆలోచించకుండా దింపేస్తాను, ఎందుకంటే నాలుగడుగులు ఆరడుగుల షీటు పొడిగా ఉన్నప్పుడే 20 కిలోల దగ్గర తూగుతుంది, తడిస్తే ఎవరి నెత్తిన పడుతుందో చెప్పలేము. మేడమ్ గారిది గోడ. నీరు నేల నుంచి దీపపు వత్తిలో నూనె ఎక్కినట్టు పైకి ఎక్కింది. ఎక్కడి దాకా ఎక్కిందో అక్కడికి మరో జానెడు కలిపి అడ్డంగా కోసి, కింది భాగం మారిస్తే పైన ఉన్న మంచి బోర్డు ఎందుకు పారేయాలి?

మేడమ్ గారూ, మీకు ఒక వీలుంది. పైనున్న కన్నం, కింద ఉన్న మరక, రెండూ ఒకే నిలువు చానెళ్ల మధ్య, అంటే గోడ లోపల రెండు వైపుల బోర్డులనూ బిగించే రేకు పట్టీల మధ్య, ఉన్నాయేమో చూడండి. ఉంటే ఆ కన్నంలోంచి ఫోను లోపలికి పెట్టి, లైటు వేసి, కిందికి ఫోటో తీయండి. గోడ కోయకుండానే దాని వెనకభాగం కనబడుతుంది.

సీతమ్మధార గృహస్థుడు

ఈ తలనొప్పంతా ఎందుకండీ, సముద్రం పక్కన ఊళ్లో జిప్సం గోడ కట్టడమే తప్పు. విప్పేసి ఇటుక గోడ కట్టించుకోండి.

లాసన్స్ బే విశ్రాంత ఇంజనీరు

మూడో అంతస్తులో, కింద దూలం లేని చోట, శ్లాబు మీద ఇటుక గోడ లేపమని లెక్క చూడకుండా చెప్పడం ప్రమాదం. తేలికగా ఉంటుందనే ఇలాంటి చోట జిప్సం వాడతారు.

మేస్త్రి గారి కోత గురించి నా అభ్యంతరం ఇది. కొత్త బోర్డుకు పొడవు అంచులు పలుచగా ఉంటాయి కాబట్టి, టేపూ కాంపౌండూ ఆ పల్లంలో కూర్చొని గోడ సమంగా వస్తుంది. అడ్డంగా కోసిన అంచుకు ఆ పల్లం ఉండదు, అతుకు ఉబ్బెత్తుగా వస్తుంది. కిటికీ వెలుగు పక్క నుంచి పడే గోడ మీద అది కనబడి తీరుతుంది.

మధురవాడ ఉపాధ్యాయిని

మేస్త్రి గారు చెప్పినట్టే చేశాను. ముందు మరక మీద బొటనవేలితో నొక్కితే, నానిన బిస్కెట్టులా గోరు లోపలికి దిగింది. అదే మోకాలి ఎత్తున నొక్కితే గట్టిగానే ఉంది. తర్వాత కన్నంలోంచి ఫోటోలు తీశాను. ముందువైపు మరక అడుగు ఎత్తే ఉన్నా, వెనక కాగితం మీద బూజు అడుగున్నర దాకా ఉంది. నేను ఊహించనిది మరొకటి కనబడింది. చదువు గది వైపు బోర్డుకు బయట ఏ మరకా లేదు, లోపల మాత్రం అది కూడా అంతే తడిసింది. అడుగు చానెల్ తుప్పు పట్టి పొరలు పొరలుగా రేగుతోంది. గోడ అడుగున నేల వెంబడి ఉండే స్కర్టింగు పట్టీ ఊడదీసి చూస్తే రెండు బోర్డులనూ నేలకు ఆనించే కట్టారు. గుమ్మం రాయి దగ్గర పగులు నుంచి స్నానాల గది నీరు కారుతోందని ప్లంబరు తేల్చారు. దానికి తోడు, మేము రోజూ తడిగుడ్డతో నేల తుడిచిన నీరు కూడా అక్కడే చేరినట్టుంది.

గాజువాక సీలింగ్ మేస్త్రి

అయితే ముందు గుమ్మం పగులు, తర్వాతే గోడ. రెండు వైపులా రెండడుగుల ఎత్తున కోయించండి. కోసేటప్పుడు గదికి ప్లాస్టిక్ షీటు కట్టి, ముక్కుకు మాస్కు పెట్టుకోమనండి. బూజు ఉన్న కాగితాన్ని పొడిగా గీకకూడదు. అడుగు చానెల్ కొత్తది వేసి, అడ్డకోత వెంబడి వెనక మరో చానెల్ ముక్క పెట్టి బిగించాలి. కింద ఆకుపచ్చ కాగితం ఉన్న బోర్డు వాడండి. అది చెమ్మను తట్టుకుంటుంది కానీ నిలువ నీటిని తట్టుకోదు, కనుక నేలకు 10 మి.మీ. ఎత్తున ఆపి, ఆ సందును స్కర్టింగుతో కప్పండి. ఈ సందు వదలని గోడకు ఎంత ఖరీదైన బోర్డు పెట్టినా మళ్లీ ఇదే గతి.

లాసన్స్ బే విశ్రాంత ఇంజనీరు

రెండు వైపులా తడిసినప్పుడు నిండు బోర్డులు దించితే గోడ లోపలంతా ఒకేసారి చూసుకోవచ్చు, అందుకే నా సలహా మారలేదు. నేలకు సందు వదలాలన్న మాట మాత్రం అన్నిటికంటే ముఖ్యం. మా ఇంట్లో రెండోసారి కట్టినప్పుడు నేను పట్టుబట్టింది దానికే.

మధురవాడ ఉపాధ్యాయిని

పని పూర్తయింది. గుమ్మం రాయి మార్చి, గోడ అడుగుభాగాన్ని మూడు వారాలు తెరిచి ఉంచాము. మేస్త్రి గారి లెక్క ప్రకారం రెండు వైపులా రెండడుగులు కోయించి ఆకుపచ్చ బోర్డు వేయించాను, పైనున్న కన్నానికి అతుకు వేయించాను. కొత్తగా వచ్చిన పనివారు బోర్డును నేలకు ఆనించబోతే, 10 మి.మీ. మందం చెక్క ముక్కలు నేనే కింద పెట్టి, వాటి మీద నిలబెట్టించి బిగింపించాను. చదువు గది వైపు అతుకు బల్ల వెనక ఉండిపోయింది. హాలు వైపు మాత్రం ఇంజనీరు గారు చెప్పిందే జరిగింది. ఉదయం ఎండ పక్కగా పడినప్పుడు రెండడుగుల ఎత్తున సన్నని గీత గోడ పొడవునా లేచి కనబడుతోంది. దాన్ని మళ్లీ రుద్ది, కాంపౌండును పైకీ కిందికీ ఒక్కో అడుగు వెడల్పున లాగమని చెప్పాను. ఈ వానలు తగ్గాక ఆ పని చేయిస్తాను. అప్పటివరకు వారానికి ఒకసారి స్కర్టింగు కింద వేలు పెట్టి పొడిగా ఉందో లేదో చూసుకుంటున్నాను. ఇప్పటిదాకా పొడిగానే ఉంది.