రేడియో ‘మిక్సర్’, ‘నాయిస్’: తెలుగులో ఏ మాటలు నప్పుతాయి?

ప్రశ్న: రిసీవర్ డిజైన్ మీద తెలుగులో వ్యాసం రాస్తున్నాను. మిక్సర్‌కి ‘మిశ్రమకారి’, నాయిస్‌కి ‘శబ్దం’ అని పెట్టాను. సరిపోతాయా?

జవాబు 1: ‘మిశ్రమకారి’తో చిక్కండీ. మన లెక్కల్లో కలపడమంటే కూడిక. రెండు సంకేతాల్ని ఊరికే కూడితే కొత్త పౌనఃపున్యం పుట్టదు. ఆడియో మిక్సర్ చేసేది అదే. రేడియో మిక్సర్ చేసేది హెచ్చవేత. యాంటెన్నా నుంచి 7.1 మెగాహెర్ట్జ్, లోకల్ ఆసిలేటర్ (రిసీవర్ లోపలే సంకేతం పుట్టించే సర్క్యూట్) నుంచి 16.1 ఇస్తే భేదం 9, మొత్తం 23.2 రెండూ బయటికొస్తాయి. నాలుగు డయోడ్ల రింగు మిక్సర్‌లో ఆసిలేటర్ ఆ డయోడ్లను జతలుగా తెరుస్తూ మూస్తూ సంకేతాన్ని ఓసారి +1తో, ఓసారి −1తో హెచ్చవేస్తుంది. మామూలు రింగుకి +7 డీబీఎమ్, అంటే 5 మిల్లీవాట్ల డ్రైవ్ కావాలి. అది తగ్గితే డయోడ్లు పూర్తిగా తెరుచుకోవు, నష్టం పెరుగుతుంది. మిక్సర్ అనే మాటని అలాగే ఉంచి, మొదటిసారి వాడిన చోట ‘హెచ్చవేత’ అని వివరించండి.

జవాబు 2: నాయిస్‌కి ‘రొద’ అనండి. స్పీకర్లో వినాల్సిన మాటా శబ్దమే కదా! రొద లెక్క కూడా రాయండి: డయోడ్ మిక్సర్ నష్టం 6 డీబీ (డెసిబెల్), తర్వాతి ఐఎఫ్ (మిక్సర్ నుంచి తీసుకునే 9 మెగాహెర్ట్జ్) యాంప్లిఫయర్ నాయిస్ ఫిగర్, అంటే అది సొంతంగా కలిపే రొద కొలత, 2 డీబీ అయితే రెండూ కలిసి సుమారు 8 డీబీ. 7 మెగాహెర్ట్జ్‌లో ఆకాశపు రొదే అంతకన్నా చాలా ఎక్కువ, మిక్సర్‌కి ముందు యాంప్లిఫయర్ అక్కర్లేదు. 144 మెగాహెర్ట్జ్‌కి మాత్రం తప్పనిసరి.

ప్రశ్న: ఇమేజ్‌కి (మనకి అక్కర్లేకపోయినా అదే ఐఎఫ్‌లోకి వచ్చిపడే రెండో పౌనఃపున్యానికి) ‘ప్రతిబింబం’ అనొచ్చా?

జవాబు 2: చక్కగా నప్పుతుంది. 16.1కి ఇటు 9 దూరంలో 7.1 ఉంటే, అటు అంతే దూరంలో 25.1 ఉంటుంది. ముందు యాంప్లిఫయర్ పెడితే ఫిల్టర్ దానికీ మిక్సర్‌కీ మధ్య ఉండాలి. యాంటెన్నా వైపు మాత్రమే ఉంటే యాంప్లిఫయర్ సొంత రొద 25.1 దగ్గర కూడా పెరిగి 9 మీద వచ్చి పడుతుంది. రొదతో పోలిస్తే సంకేతం బలం 3 డీబీ దాకా పోతుంది.

జవాబు 1: ఇంకొకటి. 9 మెగాహెర్ట్జ్‌నే దాటనిచ్చే క్రిస్టల్ ఫిల్టర్‌ని నేరుగా మిక్సర్‌కి తగిలించవద్దు. 23.2ని అది వెనక్కి కొడుతుంది, బలమైన స్టేషన్లు ఒకదాన్నొకటి చెరుపుతాయి. మధ్యలో డిప్లెక్సర్ (9ని ముందుకి పంపి, మిగతావాటిని రెసిస్టర్‌లో అరగదీసే సర్క్యూట్) పెట్టండి: 50 ఓమ్‌లకి, 9 మెగాహెర్ట్జ్‌కి, క్యూ (ట్యూనింగ్ ఎంత పదునో చెప్పే అంకె) 1 అనుకుంటే సిరీస్ కొమ్మలో 0.88 మైక్రోహెన్రీ, 354 పికోఫారడ్. దీనికి తెలుగు మాట వెతక్కండి, ‘డిప్లెక్సర్’ అనే రాయండి.