పాట్ మెథీనీ గ్రూప్ 'వుయ్ లివ్ హియర్' (1995): ఈ లూపులు మీకు నచ్చాయా?

కోటజంక్షన్ (విజయనగరం)
అమెరికన్ జాజ్ గిటారిస్టు పాట్ మెథీనీ గ్రూప్ చేసిన ఈ ఆల్బమ్ పేరెత్తితే చాలు, "అది స్మూత్ జాజ్ (చెవికి తేలిగ్గా, హాయిగా పోయే రకం), వదిలెయ్" అంటారు. నాకది అన్యాయం అనిపిస్తుంది. 1989లో 'లెటర్ ఫ్రమ్ హోమ్' తర్వాత ఈ గ్రూప్ మళ్లీ స్టూడియోలో చేసిన ఆల్బమ్ ఇదే. మధ్యలో వచ్చింది లైవ్ రికార్డు. మొదటి మూడు పాటలూ డ్రమ్ లూపుల (మిషన్‌లో మళ్లీ మళ్లీ తిరిగే ఒకే దరువు ముక్క) మీద కట్టారు, పైన మాటల్లేని గొంతులు. కంటెంపరరీ జాజ్‌లో గ్రామీ కూడా వచ్చింది. మన జిల్లాల్లో ఇది వినేవాళ్లెవరైనా ఉంటే మీకు ఏం వినిపించిందో రాయండి.

నాగావళి కీస్ (శ్రీకాకుళం)
నేనున్నాను అన్నా. పెళ్లిళ్లకి ఆర్కెస్ట్రాలో కీబోర్డ్ వాయిస్తాను కాబట్టి లూపులతోనే నా బతుకు. మా స్టేజీ మీద లూప్ నడిచిందంటే ప్యాడ్ (ఎలక్ట్రానిక్ డ్రమ్) వాయించేవాడికి పెద్దగా పని ఉండదు, దాని వెంట పోవడమే. 'హియర్ టు స్టే'లో అలా లేదు. కింద లూప్ మారకుండా తిరుగుతూనే ఉంటుంది, పైన డ్రమ్మర్ పాల్ వర్టికో సింబల్స్ (డ్రమ్స్‌తో ఉండే ఇత్తడి పళ్లేలు) మాత్రం ఒక్కో చుట్టుకి ఒక్కోలా పలుకుతాయి. హెడ్‌సెట్ పెట్టుకుని ఎడమ కుడి వేరుగా వినండి. ఫోన్ స్పీకర్లో వింటే లూప్ ఒక్కటే మిగులుతుంది, "అంతా మిషనే" అనేస్తారు. స్టీవ్ రాడ్‌బీ బేస్ అయితే అసలు వినబడదు.

లయజ్ఞానం (విజయనగరం)
సింబల్స్ సంగతి ఒప్పుకుంటాను బాబూ. కానీ నా ఇబ్బంది అది కాదు. నేను మృదంగం నేర్చుకున్నవాణ్ని. పాడేవాళ్లు ఒక సంగతి (ఒకే పంక్తిని మార్చి పాడే తీరు) దగ్గర కాస్త ఆగితే వాయించేవాడు వాళ్లతోపాటు ఒదుగుతాడు. తాళం తప్పదు, కానీ దానికి ఊపిరి ఉంటుంది. లూప్ ఎవరి కోసమూ ఒదగదు. 'ద గర్ల్స్ నెక్స్ట్ డోర్' వచ్చేసరికి నాకు విసుగొచ్చేసింది. దానికంటే గ్రూప్ కీబోర్డ్ వాద్యకారుడు లైల్ మేస్ రాసిన 'ఎపిసోడ్ డాజూర్' నయం, అందులో మనుషులు ఒకరి మాట ఒకరు వింటున్నట్టు ఉంటుంది. 1919 నుంచి సంగీత కళాశాల ఉన్న ఊరు మాది. ద్వారం వెంకటస్వామి నాయుడుగారి వయొలిన్ కమాను గురించి వింటూ పెరిగిన చెవికి ఇది చప్పగానే ఉంటుంది మరి.

గంటస్తంభం_22
మాస్టారూ, గొంతుల గురించి మీరేమీ అనలేదు. నాకు ఈ ఆల్బమ్‌లో ప్రాణం అదే. డేవిడ్ బ్లమైర్స్, మార్క్ లెడ్‌ఫర్డ్ ఎక్కడా ముందుకొచ్చి నిలబడరు. మన కచేరీలో గొంతు ముందు నడుస్తుంది, వయొలిన్ వెనక వస్తుంది. ఇక్కడ గిటార్ ముందు నడుస్తుంది, గొంతు దాని వెనక నీడలా ఉంటుంది. మాటలుంటే అర్థం వెతుక్కుంటాం. ఇక్కడ ఆ పని లేదు, స్వరం మీదే చెవి నిలుస్తుంది. 'సమ్‌థింగ్ టు రిమైండ్ యూ' రాత్రి బస్సులో వినండి, లూప్ ఉందన్న సంగతే గుర్తుండదు.

పాలకొండ రోడ్డు
టైటిల్ పాట గురించి ఎవరూ రాయలేదేం? నాకు అన్నిటికంటే అదే ఇష్టం. అందులో తియ్యదనం తక్కువ, దరువు ఎక్కువ. లూయిస్ కాంటే పెర్కషన్ వింటుంటే మా వైపు తప్పెటగుళ్లు గుర్తొస్తాయి: గుండెకి కట్టుకున్న రేకు మీద రెండు చేతులతో వాయిస్తూ, పాడుతూ, గజ్జెలతో అడుగేస్తూ ఉంటారు. అక్కడా దరువు గంటల తరబడి ఒకటే. విసుగు రాదు, ఎందుకంటే దానిమీద పాటా అడుగూ మారుతుంటాయి. మాస్టారూ, తిరిగిందే తిరగడం తప్పని నేను అనుకోను. దానిమీద ఏం కట్టారన్నదే చూడాలి.

లయజ్ఞానం (విజయనగరం)
తప్పెటగుళ్ల దరువు ఒకటే అనకు నాయనా. వాళ్లు అలిసినా, ఉత్సాహం వచ్చినా అది చేతిలో తెలిసిపోతుంది. లూప్‌కి అలుపు లేదు. నేననేది అదే.

కోటజంక్షన్ (విజయనగరం)
మాస్టారి మాటలో బలం ఉంది. అయినా 'టు ది ఎండ్ ఆఫ్ ద వరల్డ్' దగ్గర నేను మీతో ఏకీభవించలేను. పన్నెండు నిమిషాల పాట. మొదట్లో చాలా నెమ్మది. గిటార్ సింథ్ (గిటార్‌తో వాయించే సింథసైజర్) అందుకున్నాక అది ఎంత పైకి వెళ్తే కింద లయ అంత కదలకుండా ఉంటుంది. ఆ ఎత్తు తెలిసేది కింద నేల కదలకపోవడం వల్లే. డ్రమ్మర్ కూడా గిటార్‌తోపాటు ఎగిరిపోయి ఉంటే అంత తెలిసేది కాదని నా నమ్మకం.

నాగావళి కీస్ (శ్రీకాకుళం)
దానికి నా ఓటు కూడా. మాస్టారూ, మీకు 1996లో వచ్చిన 'క్వార్టెట్' నచ్చుతుంది. లూపులు లేవు, గాయకులు లేరు, నలుగురే కూర్చుని వాయించారు. ముందు అది వినండి.

లయజ్ఞానం (విజయనగరం)
వింటాను. ఆ పన్నెండు నిమిషాల పాట కూడా ఈసారి హెడ్‌సెట్‌తో వింటాను. మూడో పాట 'ద గర్ల్స్ నెక్స్ట్ డోర్' మాత్రం అడగొద్దు.