కంపాస్‌తో నక్షత్రాలు గీస్తే అది ధ్యానమా?

బరంపురం బుల్లోడు:
మా వీధిలో రిటైరైన ఫిజిక్స్ మాస్టారు ఒకాయన రోజూ తెల్లారగట్ల లేచి, కంపాస్, స్కేలు పట్టుకుని ఇస్లామిక్ నమూనాలు గీస్తారు. పూజ గదివైపు వెళ్లరు, ఇదే నా ధ్యానం అంటారు. మొన్న ఆ బొమ్మలు ప్రదర్శనకు పెట్టి, కింద కార్డు మీద ‘విశ్వ జ్యామితి’ అని రాశారు. వేరే మతం కళను ఇలా సాధన చేసుకోవచ్చా? మా ఇంట్లోనే రెండు పార్టీలయ్యాయి.

పర్లాకిమిడి శాస్త్రి:
ధ్యానమేంటండీ, అది మేస్త్రీల పనితనం. ఇస్తాంబుల్ తోప్‌కాపీ ప్యాలెస్‌లో ఉన్న పాత కాగితపు చుట్టలో 114 నమూనాలున్నాయి. వివరణ అంటూ ఏమీ రాసి లేదు. ఈ ఆధ్యాత్మిక వ్యాఖ్యానాలు చాలావరకు 20వ శతాబ్దంలో వచ్చినవే.

రాయగడ కుర్రాడు:
శాస్త్రి గారూ, రాసి లేనంత మాత్రాన భక్తి లేదనలేం. ఫిజిక్స్ మనిషిని ఇవి ఎందుకు పట్టేస్తాయో చెప్తాను. ఐదు మడతల సౌష్ఠవంతో, అంటే ఐదో వంతు తిప్పినా అలాగే కనబడేలా, స్ఫటికం ఉండదనే ఒకప్పుడు పాఠం. 1982లో శాస్త్రవేత్త డాన్ షెక్ట్‌మన్‌కు అల్యూమినియం, మాంగనీస్ మిశ్రలోహంలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో పది మడతల సౌష్ఠవంతో చుక్కలు కనబడ్డాయి. చాలామంది నమ్మలేదు. 2011లో నోబెల్ ఇచ్చారు. ఈలోగా 2007లో భౌతిక శాస్త్రవేత్తలు పీటర్ లూ, పాల్ స్టైన్‌హార్ట్ ఇరాన్‌లోని ఇస్ఫహాన్‌లో 1453 నాటి దర్బ్-ఎ-ఇమామ్ దర్గా గోడ పలకల్లో దాదాపు అలాంటి అమరికే చూపించారు. ఆ పనివాళ్లకు లెక్క తెలుసా అన్నది వేరే గొడవ.

నేనూ గీసి చూశాను. పెన్సిల్ మొన కాస్త మొద్దుబారితే చాలు, చివరి నక్షత్రం దగ్గర గీతను గీత కలవదు. మొత్తం చెరిపి మళ్లీ మొదలెట్టాలి. ముల్లు ఒకే చిల్లులో దిగి దిగి కాగితం చిరుగుతుంది. జపం కంటే ఇదేం తక్కువ?

జయపురం ఆపా:
మేం ఇంట్లో తెలుగే మాట్లాడతాం, నమాజు చేసుకుంటాం. మాస్టారు గీస్తే నాకేం అభ్యంతరం లేదు, మా పిల్లలకూ నేర్పమనండి. నా బాధల్లా ఆ కార్డే. మన ముగ్గును ఎవరైనా ‘విశ్వ చుక్కల కళ’ అని పెడితే ఊరుకుంటామా?

పర్లాకిమిడి శాస్త్రి:
అది ఒప్పుకుంటానమ్మా. ధ్యానమనుకోవడం ఆయనిష్టం. పేరు మాత్రం ఎగ్గొట్టకూడదు.

బరంపురం బుల్లోడు:
ఇప్పుడే అడిగొచ్చాను. ‘ఇస్లామిక్’ అని రాస్తే ఊళ్లో ఎవరేమంటారోనని మాస్టారికి టెన్షన్ అట.

జయపురం ఆపా:
అంత భయమైతే ‘ఇస్ఫహాన్ గోడల పద్ధతి’ అని రాయమనండి. నాకది చాలు.

పర్లాకిమిడి శాస్త్రి:
అదీ ఎగ్గొట్టడమే కదమ్మా! నేనైతే ఒప్పుకోను.